అద్దాల బీరువాలోని ఆటకర్ర

ముప్పై ఆరేళ్ళపాటు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి పొందుతున్నవాడికి పూల్ ఆటతో పని ఏమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు ఆ ఆట రాదు. ఇప్పుడు నేర్చుకోవాలన్న కోరికా లేదు. కాని ఆ ఆటకు వాడే కర్రను గురించి మా మేనల్లుడికీ నాకూ జరిగిన వాదం రెండేళ్ళుగా నా మనసులో నలుగుతూనే ఉంది. అది కర్రకు మాత్రమే చెందిన విషయం కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మా మేనల్లుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటున్నాడు. అక్కడ మూడు నెలలు గడిపే అవకాశం కలిగింది. వాళ్ళ ఇంటి నేలమాళిగలో ఒక పూల్ బల్ల, దాని వెనుక గోడకు దీపాలమర్చిన అద్దాల బీరువా ఉన్నాయి. బీరువాలో పదకొండు కర్రలు, దేవుడి గదిలో విగ్రహాల్లాగా నిలబెట్టి ఉన్నాయి. వాడి కొడుకుకు పదమూడేళ్ళు. సాయంత్రాలు ఆ బల్లమీద ఆడుతుంటాడు. వాడి చేతిలో మాత్రం అంగడిలో దొరికే చవకరకం కర్ర. బీరువాలో ఒకదాన్ని చూపించి, "దీనితో ఆడవేమిరా?" అని అడిగాను. "అది ముట్టుకోకూడదు తాతయ్యా, నాన్న కూడా ముట్టుకోరు" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర మేనల్లుణ్ణి అడిగితే, "అది ఆడుకొనేది కాదు మావయ్యా, దాచుకొనేది" అన్నాడు.

ఆ మాట దగ్గరే మా వాదం మొదలైంది.

ముందుగా ఆ వస్తువేమిటో చెప్పాలి. క్లబ్బుల్లో గోడకు ఆనించి ఉంచే కర్రలు సాధారణంగా ఒకే ముక్కగా ఉంటాయి. సొంతానికి చేయించుకొనేవి రెండు ముక్కలు. వెనుకది పిడి, ముందుది సన్నగా సాగే ముందుకర్ర. రెండింటినీ మధ్యలో ఒక మరతో బిగిస్తారు. అంతా కలిపి సుమారు 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు. కొసన 13 మిల్లీమీటర్ల వెడల్పున ఒక చిన్న తోలుబిళ్ళ ఉంటుంది. బంతిని తాకేది ఆ బిళ్ళ ఒక్కటే. 19వ శతాబ్ది ఆరంభంలో మింగో అనే ఫ్రెంచివాడు కర్ర కొసకు తోలు అతికించడంతో బంతిని గిరగిర తిప్పుతూ కొట్టే విద్య వికసించిందని చెబుతారు.

ముందుకర్రకు మేపుల్ చెట్టు కొయ్య వాడతారు. దాన్ని లేత్ యంత్రం మీద, మన పాతమాటలో చెప్పాలంటే తరిమెన మీద, చెక్కుతారు. ఏటికొప్పాక బొమ్మలు చేసేవారిని చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. కాని బొమ్మ ఒక్క పూటలో పూర్తవుతుంది. ఈ కర్ర కాదు. కొయ్యలో కొన్ని బిగువులు దాగి ఉంటాయి. పైపొర తీసినప్పుడల్లా అవి సడలి, కొయ్య ఒక పక్కకు వంగజూస్తుంది. అందుకని పనివాడు కొద్దిగా చెక్కి, వారాల తరబడి వేలాడదీసి, వంగలేదని నమ్మకం కుదిరాక మళ్ళీ కొద్దిగా చెక్కుతాడు. ఇలా నెలలు గడుస్తాయి. చివరి విడతలో వంగితే అన్ని నెలల శ్రమా పొయ్యిలోకే.

పిడి పని మరొక రకం. తేలికరంగు కొయ్యలో కోసుగా గాళ్ళు తీసి, వాటిలో నల్లని ఎబొనీ వంటి కొయ్య ముక్కలు కూర్చి, జిగురుతో బిగించి, మళ్ళీ గుండ్రంగా చెక్కుతారు. అప్పుడా నల్లకొయ్య సూదుల్లాంటి నాలుగు మొనలుగా పైకి తేలుతుంది. గాళ్ళ లోతులో వెంట్రుకవాసి తేడా వచ్చినా నాలుగు మొనలూ ఒకే ఎత్తున నిలవవు. తెలిసినవాడు కర్రను చేతిలోకి తీసుకోగానే ముందు చూసేది ఆ మొనలనే. నేడు కంప్యూటర్ నడిపే యంత్రాలతోనూ ఈ చెక్కుడు చేస్తున్నారు. అయితే తిరిగే పనిముట్టు తీసిన గుంటకు మూల ఎప్పుడూ కొంత గుండ్రంగానే మిగులుతుంది. దాన్ని సూదిమొనగా దిద్దాలంటే మళ్ళీ మనిషి చేయి కావలసిందే. ఈ ఎబొనీ మనకు పరాయిది కాదు. బీడీ ఆకులిచ్చే మన తునికిచెట్టు ఆ కుటుంబంలోదే.

ఇంత శ్రమ పడిన వస్తువుకు ఎక్కువ ధర పలికితే తప్పేమిటి? తప్పులేదు. నా అభ్యంతరం ధరమీద కాదు. ఆ ధర దేనికి పలుకుతున్నదన్నదే నా ప్రశ్న. దానికి ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధుడి కథే చెప్పాలి.

జార్జ్ బాలబుష్క 1912లో రష్యాలో పుట్టి, 1924లో తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. న్యూయార్క్ నగరంలో కొయ్యపని చేసుకొని బతికాడు. 1959 ప్రాంతంలో స్నేహితులకు కానుకలుగా కొన్ని పూల్ కర్రలు చేసి ఇచ్చాడు. అవి ఆటగాళ్ళ నోళ్ళలో పడ్డాయి. కొన్నేళ్ళకు అదే వృత్తి అయింది. 1975లో మరణించేనాటికి ఆయన చేసిన కర్రలు వెయ్యికి కొంచెం పైచిలుకు ఉంటాయని అంచనా. నేడు వాటికోసం సంగ్రాహకులు పోటీ పడతారు. వయొలిన్లలో స్ట్రాడివేరియస్ ఎంతటివాడో కర్రల్లో బాలబుష్క అంతటివాడని వారి మాట.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. బాలబుష్క తన కర్రల్లో అన్ని భాగాలనూ తానే చేయలేదు. బ్రన్స్‌విక్ సంస్థ క్లబ్బులకు అమ్మే టైట్లిస్ట్ అనే కర్రలను కోసి, వాటి మొనల భాగాన్ని తన పిడికి వాడుకున్నాడు. తరువాత బర్టన్ స్పెయిన్ అనే షికాగో పనివాడు కూర్చిన మొనలనూ, చివరి సంవత్సరాల్లో గస్ జాంబోటి చేసిన మొనలనూ తెప్పించుకున్నాడు. అంటే అందరి కన్నూ పడే ఆ నాలుగు మొనలు చాలాసార్లు మరొకరి చేతిపని. ఇది ఆయనకు తక్కువతనం కాదు. కర్రకు తూకం కుదర్చడం, అతుకు బిగువు, బంతిని తాకినప్పుడు చేతికి అందే స్పర్శ, ఇవన్నీ ఆయన సాధించినవి. కాని ఒక్క పేరు వెనుక ఎన్ని చేతులున్నాయో ఇది చెబుతుంది.

రెండో సంగతి మరీ వింత. 1986లో మార్టిన్ స్కోర్సెసీ తీసిన 'ద కలర్ ఆఫ్ మనీ' చిత్రంలో పాల్ న్యూమన్ ఒక కర్రను టామ్ క్రూజ్‌కు ఇస్తాడు. అది బాలబుష్క అని చెబుతారు. ఆ దృశ్యంతో ఆట తెలియనివారికి కూడా ఆ పేరు తెలిసింది. నిజానికి ఆ కర్ర బాలబుష్కది కాదు. జాస్ అనే సంస్థ చేసినది. లోకంలో ఎక్కువమంది చూసిన 'బాలబుష్క' కర్రను బాలబుష్క ముట్టుకోనేలేదు. ఆ తరువాత ఆ పేరు ముద్రించుకొన్న కర్మాగారపు కర్రలు కూడా అంగళ్ళలోకి వచ్చాయి. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే కదా.

ఈ రెండు సంగతులూ మా మేనల్లుడే నాకు చెప్పాడు. చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు. "ఒరేయ్, మరి నువ్వు దాచుకొన్నది చేతిపనినా, పేరునా?" అన్నాను.

వాడి సమాధానాన్ని తేలికగా తీసిపారేయలేను. "మావయ్యా, నాలాంటివాళ్ళు కొనకపోతే ఈ పని ఎప్పుడో పోయేది. మంచి ఆటగాడికి ఒక మంచి కర్ర జీవితమంతా సరిపోతుంది. ఆటగాళ్ళను నమ్ముకొంటే పనివాడు బతకడు. పది కర్రలున్నా పదకొండోది కొనే పిచ్చివాడు ఉండబట్టే వాడు ఆర్నెల్లు కొయ్య ఆరబెట్టగలుగుతున్నాడు" అన్నాడు. పైగా, ఆడితే కర్ర అరుగుతుంది. సుద్ద అంటుతుంది, మురికి పోవడానికి ముందుకర్రను రుద్దుతారు, రుద్దినప్పుడల్లా అది సన్నబడుతుంది. చేసినవాడు చనిపోయాక అరిగినదాన్ని ఆయన చేతితో తిరిగి తేవడం ఎవరివల్లా కాదు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

అయినా నాకు తృప్తి కలగలేదు. దానికి కారణం నా చదువులో ఉంది. తెలుగు పండితులకు సంగ్రహణ అనగానే గుర్తుకువచ్చేది తాళపత్రాలు. వాటిని పట్టుబట్టలో చుట్టి, పూజలో పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వని ఇళ్ళు ఎన్నో ఉండేవి. భక్తి ఉన్నచోటే చెదలూ ఉన్నాయి. ఆకులకు నూనె పూసి, మసి పట్టించి, చదివి, పాడైపోకముందే కొత్త ఆకులమీదికి ఎక్కించిన ఇళ్ళలోనే గ్రంథం బతికింది. సి.పి. బ్రౌన్ కూడా ప్రతులు సేకరించాడు. సేకరించి ఊరుకొంటే ఆయనను మనం ఇంతగా తలచుకొనేవాళ్ళం కాదు. కడపలో పండితులకు జీతాలిచ్చి, ప్రతికి ప్రతిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆయన డబ్బు పాత ఆకులకే కాక, బతికి ఉన్న పండితుల చేతులకూ అందింది. సంగ్రాహకుడి ధర్మమేమిటో ఆయనను చూసి నేర్చుకోవచ్చు.

కర్రకూ గ్రంథానికీ తేడా లేదా అంటే, ఉంది. గ్రంథానికి నకలు తీయవచ్చు. కర్ర స్పర్శకు నకలు లేదు. నా దృష్టిలో ఆ తేడా నా వాదానికే బలమిస్తుంది. నకలు లేని గుణాన్ని అనుభవించి చెప్పగలవాళ్ళు తగ్గిపోతే, మిగిలేది కొలతలూ ఛాయాచిత్రాలూ ధరల పట్టికా. ఒకనాడు ఆ కర్ర ఎందుకు గొప్పదో ఆ ఇంట్లోనే ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ బీరువాలో మేనల్లుడికి అన్నిటికన్నా ఇష్టమైన కర్రకు అతుకు దగ్గరా పిడిమీదా ఏనుగుదంతం పొదిగి ఉంది. చేసిన పనివాడు ఇప్పుడు లేడు. న్యూజెర్సీ రాష్ట్రం 2014లో దంతపు వస్తువుల క్రయవిక్రయాలను చట్టం ద్వారా నిషేధించింది. 2016లో ఆఫ్రికా ఏనుగు దంతపు వర్తకాన్ని అమెరికా కేంద్ర ప్రభుత్వం దాదాపు పూర్తిగా అరికట్టింది. ఆ నిషేధం న్యాయమైనదే. పొదుగుడు పనికోసం ఏనుగు చావవలసిన అవసరం లేదు. ఇరుగుడు జాతి కొయ్యల అంతర్జాతీయ వర్తకం మీద కూడా 2017 నుంచి నియంత్రణ వచ్చింది, అది పూర్తి నిషేధం మాత్రం కాదు. అయితే దంతపు వస్తువును ఉంచుకోవడానికీ, వారసుడికి ఇవ్వడానికీ చట్టం అడ్డురాదు. కనుక ఆ కర్రను వాడు ఉన్నచోట అమ్ముకోలేడు, కొడుక్కి ఇవ్వగలడు. "దీనికి ఇప్పుడు ధర లేదురా. నీకు మిగిలింది కర్రే. దాన్ని కూడా దాస్తే మీ వాడికి నువ్వు ఇచ్చేది ఏమిటి, బీరువా తాళమా?" అన్నాను. ఆ రాత్రికి వాడు మాట్లాడలేదు. కొంచెం కటువుగా అన్నానేమోనని నాకూ నిద్రపట్టలేదు.

దారి చూపించింది నేను కాదు, వాడే. ఒక పిడికి ఒకటికంటే ఎక్కువ ముందుకర్రలు ఉండవచ్చట. మర కుదిరితే చాలు. అరిగేది ముందుకర్ర కనుక, పాతవాటిని అలాగే భద్రపరచి, ఆడడానికి బతికి ఉన్న పనివాడి చేత కొత్తది చేయించుకొనే పద్ధతి సంగ్రాహకుల్లో ఉన్నదట. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చేయించలేదని అడిగితే, "అవసరం రాలేదు మావయ్యా, ఎవరూ ఆడటం లేదు కదా" అన్నాడు. తరువాత వాడికే నవ్వు వచ్చింది.

నేను తిరుగుప్రయాణం కట్టకముందే పిడిని పట్టుకొని ఒక పనివాడి దగ్గరకు వెళ్ళివచ్చాడు. మరా, అతుకు వెడల్పూ కొలుచుకోవాలి కనుక పిడి చేతిలో ఉండవలసిందే. కొయ్య ఆరాలి, చెక్కాలి, మళ్ళీ ఆరాలి. తొమ్మిది నెలలు పట్టింది. మొన్న సంక్రాంతికి ఫోను చేసినప్పుడు మనుమడు చెప్పాడు, "తాతయ్యా, మొదటిరోజు తెల్లబంతిని బల్లమీంచి కింద పడేశాను. నాన్న ఏమీ అనలేదు" అని. వాళ్ళ నాన్న ఏమీ అనకపోవడానికి ఎంత నిగ్రహం కావలసివచ్చిందో ఊహించగలను.

నా అభిప్రాయం ఇది. అరుదైన చేతిపనిని సేకరించడం దోషం కాదు, ఒక విధంగా సేవే. కాని ఆ సేవకు రెండు షరతులు పెట్టాలి. మొదటిది, పోయిన పనివాడి వస్తువుకు ఖర్చుపెట్టినదానిలో కొంతైనా బతికి ఉన్న పనివాడికి అందాలి. రెండవది, ఆ వస్తువు ఏ పనికోసం పుట్టిందో ఆ పని ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరి చేతిలో చేయాలి. ఈ రెండూ లేనినాడు బీరువాలో మిగిలేది పేరు మాత్రమే. పేరు ఎంత సులభంగా చేతులు మారుతుందో ఆ చలనచిత్రంలోని కర్రను చూస్తే తెలుస్తుంది.

మన ఇళ్ళలో కూడా అటకలమీద తంతులు తెగిన వీణలూ, విప్పని గ్రంథపు కట్టలూ ఉన్నాయి. వాటిని ఏం చేస్తే బాగుంటుందో, చదువరులు తమకు తోచినది తెలియజేస్తే సంతోషిస్తాను. సంగ్రాహకుల పక్షాన నాకు తట్టని వాదమేదైనా ఉంటే అది కూడా చెప్పండి. మా మేనల్లుడికి బలం చేకూరినా నాకు అభ్యంతరం లేదు.

సెలవు.