విప్పుకునే పెట్టె, విప్పుకోని పెట్టె

వెబ్ పేజీకి కనబడే తెర ఒకటి, దాని వెనుక లెక్క ఒకటి. లెక్క మారితే తెరమీది అంకె దానంతటదే మారాలి. ఈ పని చేసిపెట్టే సాధనాల్లో, ఇవాన్ యూ 2014లో విడుదల చేసిన ‘వ్యూ’ తేలికైనదని పేరు. మొదటి రోజు తేలికే. చిక్కంతా రెండో రోజున!

రెండో వెర్షన్‌లో జాబితాలోని ఒక అంకెను దాని స్థానం చెప్పి నేరుగా మారిస్తే తెరకు తెలిసేది కాదు. 2020లో వచ్చిన మూడో వెర్షన్ ఆ లోపం దిద్దింది, సంతోషం. అయితే ఇప్పుడు విడి అంకెను ‘రెఫ్’ అనే పెట్టెలో పెట్టాలి. ప్రోగ్రాంలో దాన్ని బయటికి తియ్యాలంటే చివర ‘డాట్ వాల్యూ’ అని రాయాలి. తెర రాసేచోట అక్కర్లేదు. సరే, ఒప్పుకుందాం. అదే పెట్టె మామూలు ఆబ్జెక్టు లోపల ఉందనుకోండి. ఊరికే చూపమంటే అంకె కనబడుతుంది. ఒకటి కలిపి చూపమంటే ‘[ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్]1’ అని ప్రత్యక్షమవుతుంది! ‘రియాక్టివ్’ ఆబ్జెక్టులో పెడితే తనే విప్పుకుంటుంది, ‘రియాక్టివ్’ జాబితాలో పెడితే విప్పుకోదు. ఇదేం పద్ధతండీ?

జావాస్క్రిప్టులో విడి అంకె మారిందని పసిగట్టే ఉపాయం లేదు, అందుకే పెట్టె తప్పలేదంటారు. కాదనను. కానీ తెర దగ్గర ఆరక్షరాల శ్రమ తప్పించబోయి ఇన్ని మినహాయింపులు మన నెత్తిన పెట్టారు. అన్నిచోట్లా రాయమంటే విసుక్కుంటూనైనా రాసేవాళ్లం.

నా మట్టుకు ఇంతకన్నా పెద్ద తప్పు మరొకటుంది. ‘రియాక్టివ్’ ఆబ్జెక్టులోంచి అంకెను విడదీసి వేరే పేరుతో వాడితే తెరతో దాని సంబంధం తెగిపోతుంది. 2024లో వచ్చిన 3.5లో, పై కాంపొనెంటు పంపిన ‘ప్రాప్స్’ను అచ్చం అలాగే విడదీస్తే తెగదు. రాత ఒకటే, ఫలితాలు రెండు. తెగినచోట తెర ఎర్ర అక్షరాలేమీ చూపదు, పాత అంకెతో నిశ్చింతగా కూర్చుంటుంది. అది మార్కెట్ యార్డు మిర్చి ధర చూపే పేజీ అయితే? మా ఇంట్లో ధర చూసుకునే బస్తాలు ట్రాక్టరుకెత్తుతారు. ధర పడిపోయిన సంగతి యార్డు గేటు దాటాక తెలిస్తే, తిరుగు కిరాయి ఎవరిస్తారు?

పాఠం చెప్పే మా అధ్యాపకులకు ఒక విన్నపం. ‘రెఫ్’ చెప్పే రోజునే, అది విప్పుకోని చోట్లు కూడా బోర్డుమీద రాయండి. విడదీయడం గురించైతే ఒక పీరియడ్ మొత్తం కేటాయించినా ఎక్కువ కాదు.