మట్టిని నమ్ముకుంటే

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు సంక్రాంతికి వస్తూ వాళ్ళత్తయ్యకని పిండి కలిపే మిషను తెచ్చాడు. అది 120 వోల్టులది. మన ఇంటి కరెంటు 230. సరే, రెండు చుట్లూ విడివిడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరొకటి కొనుక్కొచ్చాను.

120 వోల్టుల వైపు రెండు తీగలు. ఏదో ఒకదాన్ని మనమే ఎర్తు చెయ్యాలట. ఎక్కడ? తులసికోట పక్కన కడ్డీ పాతి తీగ కలిపాను. మిషను ఒంటికి నూతి దగ్గర ఇంకో కడ్డీ. రెండూ భూమిలోనే కదా అని నా ధీమా!

ఎలక్ట్రీషియను చూసి హడలిపోయాడు.

"లోపల తీగ ఊడి మిషను ఒంటికి తగిలిందనుకోండి బాబుగారూ! కరెంటు కడ్డీ నుంచి కడ్డీకి మట్టిలో నడవాలి. మట్టి 20 ఓములు అడ్డుపడితే పారేది 6 ఆంపియర్లే. మీ ఫ్యూజు 10ది, అది పోదు. తడికాళ్ళతో అమ్మగారు మిషను ముట్టుకుంటే?"

నాకు నోట మాట రాలేదు.

అతను ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే ఒక కొనను ఇంటి ఎర్తుకి కలిపి, అక్కణ్ణించే మిషను ఒంటికి రాగి తీగ లాగాడు. ఫ్యూజు రెండో కొనకి పెట్టాడు. ఇక తీగ ఊడితే కరెంటు రాగి దారిన ఒక్కుమ్మడిగా ఉరికి ఫ్యూజుని కాల్చేస్తుంది.

"మిషను దగ్గర కూడా ఆ కొనని ఎర్తుకి కలపరాదూ?" అన్నాను.

"వద్దండి. మామూలు కరెంటు కూడా కొంత ఎర్తు తీగలోకి మళ్ళుతుంది. ఒక్కచోటే!"

నిజమే. భూదేవికి ఓర్పెక్కువ. ఫ్యూజుకి కోపం రావాలంటే రాగి కావాలి.