కొని తెచ్చుకుంటున్న గ్రంథి జబ్బు



పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథుల వ్యాధులు అనగానే ఎక్కడో లక్షల్లో ఒకరికి వచ్చేవి, మనకెందుకులే అనుకుంటాము. ఆ గ్రంథులలో కణితి పుట్టి వచ్చే కుషింగ్ వ్యాధి నిజంగానే అరుదు. కానీ అచ్చంగా అటువంటి లక్షణాలతోనే కనిపించే రెండవ రూపం మన మధ్యనే తిరుగుతోంది. గుండ్రంగా ఉబ్బిన ముఖం, లావెక్కిన పొట్ట, సన్నబడిన కాళ్లూ చేతులూ, తాకితే చాలు కమిలిపోయే చర్మం, పొట్టమీద ఊదారంగు చారలు. ఇటువంటి మనిషి కనిపించినప్పుడు కణితి కోసం వెతకడానికి ముందు, ఆయన జేబులోని మాత్రల పొట్లం విప్పి చూడాలి. ప్రపంచమంతటా ఈ లక్షణాలకు మొదటి కారణం కణితి కాదు, బయటినుంచి ఇచ్చే స్టెరాయిడ్ మందులే. అంటే ఈ జబ్బును మనం చాలావరకు డబ్బిచ్చి కొనుక్కుంటున్నాము.

జరిగేదేమిటో చూడండి. మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు కార్టిజాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. రక్తపోటు పడిపోకుండా, రక్తంలో చక్కెర తగ్గిపోకుండా, జ్వరానికీ దెబ్బకూ శరీరం తట్టుకునేలా కాపాడేది అదే. ఎంత తయారు కావాలో ఆజ్ఞాపించేది మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి. రక్తంలో కార్టిజాల్ చాలినంత ఉంటే అది ఆజ్ఞ ఆపుతుంది, తగ్గితే మళ్లీ పంపుతుంది. బయటినుంచి స్టెరాయిడ్ వచ్చిపడుతుంటే పీయూష గ్రంథి ఇక ఆజ్ఞలు పంపవలసిన పని లేదనుకుంటుంది. పని లేని అధివృక్క గ్రంథులు వారాలు, నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాము. ఆరోగ్యవంతుని శరీరం రోజుకు సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాముల కార్టిజాల్ తయారుచేసుకుంటుంది. 20 మిల్లీగ్రాముల కార్టిజాల్ చేసే పనిని 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ చేస్తుంది. డెక్సామెథసోన్ అయితే 0.75 మిల్లీగ్రాములే చాలు. "నొప్పులకు చిన్న తెల్లమాత్ర" అంటూ అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్‌ను రోజుకు మూడు పూటలా మింగితే అది 40 మిల్లీగ్రాముల కార్టిజాల్‌తో సమానం. ఒకే ఒక్క 8 మిల్లీగ్రాముల డెక్సా సూది 200 మిల్లీగ్రాములకు పైగా కార్టిజాల్‌తో సమానం. మాత్ర చిన్నదే. మోతాదు చిన్నది కాదు.

ఈ మందు పుట్టిన తీరు కూడా తెలుసుకోదగినది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో కదలలేని రోగికి కార్టిసోన్ ఇచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే నడక వచ్చింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే మందు ఆపగానే నొప్పులు తిరిగివస్తాయనీ, కొనసాగిస్తే దుష్ఫలితాలు తప్పవనీ ఆ తొలి ఏళ్లలోనే తేలిపోయింది. వైద్యశాస్త్రం డెబ్బై ఏళ్ల క్రితమే నేర్చుకున్న ఈ పాఠాన్ని మన సందుచివర క్లినిక్కులూ మందుల దుకాణాలూ నేటికీ విననట్టే నటిస్తున్నాయి.

ఎందుకు నటిస్తున్నాయి? గిరాకీ ఉంది కాబట్టి. గూడూరు ప్రాంతంలో అభ్రకం గనుల ధూళి పీల్చిన ఊపిరితిత్తులున్నాయి, నిమ్మతోటల్లో వంగి వంగి అరిగిన నడుములున్నాయి. రేపు ఉదయం కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. స్టెరాయిడ్ సూది పడిన కొన్ని గంటల్లో నొప్పి తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. "మందు బాగా పట్టింది, ఒళ్లు చేశాడు" అని ఇంటివారు సంతోషిస్తారు. ఆ ఒళ్లు ఆరోగ్యం కాదు, అది వాపూ కొవ్వూ. లోపల ఎముకలు గుల్లబారుతుంటాయి, మధుమేహమూ రక్తపోటూ పెరుగుతుంటాయి, కంట్లో శుక్లం ముదురుతుంటుంది, అణిగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. నొప్పి తగ్గడం వేరు, జబ్బు నయం కావడం వేరు. ఈ తేడాను దాచిపెట్టి అమ్మడమే ఈ వ్యాపారపు పెట్టుబడి.

అసలు ప్రమాదం మందు ఆపినప్పుడు వస్తుంది. డబ్బు లేకనో, ఊరు మారినందువల్లనో, "ఇంగ్లీషు మందులు వేడి" అని ఎవరో చెప్పినందువల్లనో ఒక్కసారిగా ఆపేస్తారు. కుంచించుకుపోయిన గ్రంథి వెంటనే మేలుకోలేదు. అప్పుడే విరేచనాలో, జ్వరమో, ఆపరేషనో వస్తే శరీరానికి మామూలుకన్నా ఎన్నోరెట్లు కార్టిజాల్ కావాలి, అది లేదు. వాంతులు, కడుపునొప్పి, పడిపోయే రక్తపోటు, స్పృహ తప్పడం, సకాలంలో గుర్తించకపోతే మరణం. వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సూది, సెలైన్ ఇస్తే నిలిచే ప్రాణం ఇది. కానీ పొట్లంలో ఏ మాత్ర ఉందో ఎవరికీ తెలియకపోతే, వైద్యునికి అనుమానమైనా ఎలా వస్తుంది?

"పేదవాడికి అర్ధరాత్రి అందుబాటులో ఉండేది ఆ ఆర్.ఎం.పి. ఒక్కడే కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. అందుబాటులో ఉండటం గొప్ప గుణం. కానీ అందుబాటు అనేది పేరు చెప్పకుండా మందు ఇచ్చే హక్కు కాదు. "పెద్ద డిగ్రీలున్నవారు కూడా రాస్తున్నారు కదా" అంటారు. అదీ నిజమే. కారణం చెప్పకుండా, గడువు పెట్టకుండా, ఎలా తగ్గించాలో వివరించకుండా రాసే చీటీ ఎవరు రాసినా తప్పే. డిగ్రీ ఉన్నవారి తప్పు ఇంకా పెద్దది, తెలిసి చేసినది కాబట్టి.

అలాగని స్టెరాయిడ్‌ను భూతంగా చూడవద్దు. తీవ్రమైన కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు నిలిపింది రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోనే. లూపస్‌లో, పిల్లల నెఫ్రోటిక్ వ్యాధిలో దీనికి సాటి వచ్చే మందులు తక్కువ. విచిత్రమేమంటే, ఉబ్బసానికి ఇన్‌హేలర్ రాస్తే "అలవాటు పడిపోతుంది" అని భయపడి పారేసేవారే పొట్లాలు నిశ్చింతగా మింగుతారు. ఇన్‌హేలర్ ఒక పీల్పులో సాధారణంగా ఉండే బుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు. అది ఊపిరితిత్తులకే ఉద్దేశించినది. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మాత్ర అంటే 5,000 మైక్రోగ్రాములు, అది ఒళ్లంతటికీ పోతుంది. భయపడవలసినది దేనికో ఈ లెక్కే చెబుతుంది.

చట్టం లేక కాదు ఈ దుస్థితి. స్టెరాయిడ్ మాత్రలు, సూదులు షెడ్యూల్ హెచ్ కింద ఉన్నాయి. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను కూడా ఆ జాబితాలోకి తెచ్చారు. అర్హత లేని వైద్యానికి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా అంటోంది. ఉన్న చట్టాన్ని అమలు చేయమని ఔషధ తనిఖీ అధికారులను అడగడం మన హక్కు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హైడ్రోకార్టిసోన్ సూది సిద్ధంగా ఉండాలనీ, ఏరియా ఆసుపత్రిలోనే ఉదయపు కార్టిజాల్ పరీక్ష జరగాలనీ అడగడం కూడా.

మీరు చేయవలసినవి నాలుగు. పేరు లేని విడి మాత్రలు తీసుకోకండి. అట్టతో సహా అడగండి. ప్రతి సూది పేరూ చీటీమీద రాయించుకోండి. కొన్ని వారాలుగా స్టెరాయిడ్ వాడుతున్నట్టు తెలిస్తే, ఈ వ్యాసం చదివిన కోపంలో ఈ రాత్రే ఆపివేయకండి. వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గించండి. అవసరమైతే ఏరియా ఆసుపత్రి నుంచి తిరుపతి స్విమ్స్‌లోని ఎండోక్రినాలజీ విభాగానికి రాయించుకోండి. జ్వరం వచ్చినా, ఆపరేషనుకు వెళ్లినా "నేను స్టెరాయిడ్ వాడాను" అని మొదటి మాటగా చెప్పండి.

ఒంట్లోకి పోయే మందు పేరు అడిగితే విసుక్కునే చోట వైద్యం చేయించుకోకండి.