సోలెడు ఉప్పు ఎన్ని గ్రాములు?

"లీటరంటే కిలోయే కదా!" అని ధీమాగా చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నీళ్ళ విషయంలో అది నిజమే. మిగతావాటి విషయంలో వట్టి నమ్మకం. లీటరు వంటనూనె తూచి చూడండి, సుమారు 920 గ్రాములే ఉంటుంది. లీటరు తేనె దాదాపు 1,400 గ్రాములు తూగుతుంది. లీటరు గిన్నెలో గోధుమపిండి వదులుగా పోస్తే 500-600 గ్రాములే పడుతుంది. అదే గిన్నెను రెండుసార్లు తట్టి చూడండి, ఇంకాస్త పిండికి చోటు దొరుకుతుంది!

కారణం చిన్నదే. సోల కొలిచేది చోటును, త్రాసు తూచేది పదార్థాన్ని. రేణువుల మధ్య ఉన్న గాలి సోలలో చోటు ఆక్రమిస్తుంది గానీ త్రాసులో తూగదు.

మన దేశంలో 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలయ్యాయి. అంగట్లో వీశెలు, శేర్లు పోయాయి. వంటింట్లో మాత్రం గిద్ద, సోల, తవ్వ, మానిక చాలాకాలం నిలిచాయి. దీన్ని వెనకబాటుతనం అనలేం. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ అన్నప్పుడు గ్లాసు చిన్నదైనా పెద్దదైనా ఇడ్లీ ఒకేలా వస్తుంది. రెండింటినీ ఒకే గ్లాసుతో కొలిచాం కాబట్టి నిష్పత్తి మారదు. ఇది సిసలైన లెక్క.

చిక్కు ఎక్కడంటే, సగం గ్లాసుల్లో సగం గ్రాముల్లో రాసినప్పుడు, లేదా పదార్థం రూపు మారినప్పుడు. గరుకుగా దంచిన రాళ్ళ ఉప్పుతో చెప్పిన ఆవకాయ పాళ్ళకు ప్యాకెట్లోని మెత్తటి ఉప్పు అదే సోలతో పోస్తే ఉప్పు ఎక్కువవుతుంది. అప్పుడు "చేతివాసి లేదు" అని కోడలిని ఆడిపోసుకుంటారు. తప్పు చేతిదా, సోలదా? ఇక "కప్పు" అనే మాట చూడండి. అమెరికాలో సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపానులో 200. ఏ దేశపు కప్పో తెలియకుండా కేకు చేసి, పొయ్యిని తిట్టడం న్యాయమా?

ఆవకాయ పాడైతే పోయేది ఒక జాడీ. విరేచనాలతో నీరసించిన పసిపిల్లకు పట్టే ఉప్పు-పంచదార నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో కలుపుకునే లెక్క లీటరు శుభ్రమైన నీటికి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, పైన సమంగా గీసి కొలిచినది. చెంచా పెద్దదై, ఉప్పు కుప్పగా పోస్తే రెట్టింపు దాటిపోతుంది. ఈ ప్రమాదం ఉంది కనుకనే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను తూచి నింపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 సూత్రం ప్రకారం లీటరుకు 20.5 గ్రాములు. ప్యాకెట్ దొరికేచోట చెంచా లెక్క వద్దు. ప్యాకెట్‌నే వాడండి, దాని మీద రాసినంత నీటిలోనే కలపండి.

చేతివాసి అబద్ధమని నేననను. ఏళ్ళ తరబడి రుచి చూసి, సరిదిద్దుకున్న చేతికి తూకం అలవాటవుతుంది. అందులో మహిమేమీ లేదు, ఉన్నదంతా అనుభవమే. కానీ ఆ అనుభవం ఆ చేతితోనే పోతుంది. గ్రాముల్లో రాసిపెడితే మనవరాలికీ అందుతుంది, మనవడికీ అందుతుంది.

అమ్మ "గుప్పెడు" అన్నప్పుడు ఆ గుప్పెడును ఒక్కసారి త్రాసులో పోయించండి. మీ ఇంటి గ్లాసుతో బియ్యం, పిండి, ఉప్పు విడివిడిగా తూచి, అంకెలు కాగితం మీద రాసి అలమర తలుపుకు అంటించండి. పావుగంట పని!