మనసు సంగతి ఫోనులో రాయమంటే

పంట నమోదుకు ఫోను, ఈ-కేవైసీకి ఫోను, బ్యాంకు ఓటీపీకి ఫోను. ఇప్పుడు మనసు ఎలా ఉందో కూడా ఫోనులోనే చెప్పమంటున్నారు. నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, పని మీద ధ్యాస నిలిచిందా అని రోజూ అడిగి, జబ్బు తిరగబెడుతోందేమో పసిగట్టే యాప్‌లు వచ్చాయి. కొన్ని మనల్ని అడగకుండానే ఎంత తిరిగామో, ఎన్ని గంటలకు ఫోను పక్కన పెట్టామో లెక్కగడతాయి.

దీని మీద నిపుణులు మాట్లాడుతూనే ఉన్నారు. మేం మందులు వాడుతున్న మన సభ్యుల మాట విన్నాం.

కుంగుబాటుకు మూడేళ్లుగా వైద్యం చేయించుకుంటున్న కౌలు రైతు ఒకాయన ఇలా అన్నారు: "నెలకోసారి ఆస్పత్రికి పోతాను. డాక్టరుగారికి నాతో ఐదు నిమిషాలే తీరిక. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానండీ అంటాను. మధ్యలో పది రాత్రుళ్లు నిద్ర లేదన్న సంగతి అప్పుడు గుర్తుకే రాదు." ఎరువుల ఖాతా రాసుకున్నట్టు ఇదీ రాసి ఉంటే మేలేనని ఆయన అభిప్రాయం. మాకూ అది సబబుగానే తోచింది.

కూలికి వెళ్లే ఒక సోదరి మాట వేరు. "ఇంట్లో ఉన్నది ఒక్క టచ్ ఫోను. అది మా వాడి చేతిలో ఉంటుంది. నేను ఏడ్చిన రోజుల లెక్క వాడు చదవాలా?" ఇంకొకాయన, రోజూ పొద్దున్నే ఫోను గుర్తుచేస్తుంటే మరిచిపోదామనుకున్న జబ్బు మళ్లీ నెత్తికెక్కుతుందన్నారు. చచ్చిపోవాలనిపిస్తోందని నిజం నొక్కితే పోలీసులు వస్తారా అని అడిగినవారూ ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ముక్క ఊళ్లలో ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

అన్నిటికంటే ఎక్కువగా వినబడ్డ భయం ఒకటుంది: రాసింది ఎవరు చూస్తారు? ఇది ఊరికే పుట్టిన అనుమానం కాదు. ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, చుట్టపక్కాలకు ఫోన్లు చేసి పరువు తీసిన లోన్ యాప్‌లను 2020లోనే చూశాం. రేపు అప్పిచ్చేవాడి చేతికో, బీమా కంపెనీ చేతికో ఈ చిట్టా చేరదని హామీ ఎవరిస్తారు? రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతోంది. కానీ ప్రైవేటు యాప్‌లో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేటప్పుడు పైన ఇంగ్లీషులో ఏముందో చదివేదెవరు?

మన దగ్గర దీనికి ఒక అనుభవం ఉంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారి 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పథకంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగారు. ఇబ్బంది ఎక్కువున్నవారిని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. యంత్రం ఉంది, దాని వెనక తెలిసిన మనిషి కూడా ఉంది. (ఆ తెలిసిన మనిషి ఊళ్లో చెప్పేస్తుందేమోనని భయపడేవారూ ఉంటారు. అదీ నిజమే.)

2022లో దేశంలో 11,290 మంది రైతులు, వ్యవసాయ కూలీలు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. గిట్టుబాటు ధరను, కౌలు రైతుకు బ్యాంకు అప్పును ఏ యాప్ తెచ్చిపెట్టదు. ఆ పోరాటం ఆగదు. అయితే అప్పు తీరితే మనసు జబ్బూ తీరుతుందని మన సభల్లో మనమే చాలాసార్లు అన్నాం. అది సగమే నిజం. అప్పు తీరినా నిద్ర రాని సభ్యులు మనలో ఉన్నారు.

అందుకని ఫోను వద్దని మేం అనం. కీప్యాడ్ ఫోనుకు కూడా తెలుగులో కాల్ వచ్చేలా ఉండాలి. వద్దనుకున్న రోజు రాసిందంతా చెరిపేసే వీలుండాలి. అర్ధరాత్రి ఒకరు 'బాగోలేదు' అని నొక్కితే తిరిగి ఫోను చేసే మనిషి ఉండాలి. పీహెచ్‌సీలో మందులు ఎప్పుడూ ఉండాలి. ఇవేవీ లేకుండా యాప్ ఒక్కటే తెచ్చి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోం.

ఈలోగా కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు 14416ను ప్రతి గ్రామ కమిటీ రచ్చబండ దగ్గర రాయించాలి. ఏ ఫోను నుంచైనా, రాత్రయినా పగలయినా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. వచ్చే నెల మండల సమావేశాల్లో మొదటి అరగంట ఈ విషయానికే కేటాయిస్తున్నాం. మందులు వాడుతున్నవారు ముందు మాట్లాడతారు, నాయకులు తర్వాత.