చిత్రశాలలో మసక వెలుతురేల?

కళాప్రదర్శనశాలకు పోయి వచ్చిన మన స్త్రీలు తఱచుగా రెండు ఫిర్యాదులు చేయుచుందురు. గదులు చీకటిగా నున్నవనుట మొదటిది. క్రిందటిసారి చూచిన వస్తువు ఈసారి కానరాలేదనుట రెండవది. మేమును ఒకప్పు డట్లు కోపపడినవారమే. దూరమునుండి మా అత్తగారిని వెంటబెట్టుకొని పోగా, ఆమె చూడగోరిన పాత కలంకారీ వస్త్రము అచ్చట లేదు. కావలివానిని గద్దించితిమి. "దానికి విశ్రాంతి యిచ్చినారమ్మా, లోపల భద్రముగా నున్నది" అని అతడు వినయముగా చెప్పెను. గుడ్డకు విశ్రాంతి యేమని నవ్వుకొని తిరిగి వచ్చితిమి.

ఆ నవ్వునకు జవాబు మా యింటనే దొరకినది. మా అమ్మమ్మగారి పెండ్లి పట్టుచీర కొంగును అద్దపు చట్రములో బిగించి, ముందుగదిలో కిటికీ కెదురుగా వ్రేలాడదీసి యుంటిమి. కొన్నియేండ్లకు చట్రము విప్పి చూడగా, లోపలికి మడిచిన భాగము దానిమ్మగింజవలె ఎఱ్ఱగా నున్నది. పైకి కనబడు భాగము ఎండుటాకువలె వెలిసిపోయినది. దాని నెవరును కట్టలేదు, ఉతుకలేదు. పదిమంది చూడవలెనని మేము పెట్టుటయే దానికి చేటైనది.

నీటిరంగుల చిత్రములకు వెలుతురువలన కలుగు హానినిగూర్చి రస్సెల్, ఆబ్నీ అనువారు 1888లోనే ఇంగ్లండులో నివేదిక ప్రకటించిరి. ఈ హాని నానాటికి పేరుకొనునేగాని మరలిపోదు. కొద్ది వెలుతురు పదిగంటలు తగిలినను, దానికి పదిరెట్ల వెలుతురు ఒక్క గంట తగిలినను ఫలము ఇంచుమించు సమానమే. కావున ప్రదర్శనశాలలవారు వెలుతురును 'లక్స్' అను కొలతతో కొలిచి, వస్త్రములకును కాగితముపై వ్రాసిన చిత్రములకును సుమారు 50 లక్సులు, తైలవర్ణ చిత్రములకు సుమారు 200 లక్సులు మించకుండ చూతురు. మిట్టమధ్యాహ్నపు టెండలో ఈ కొలత లక్షవఱకు పోవును!

రాతికి ఈ భయము లేదు. బెంజోని చెక్కిన 'ముసుగు రెబెక్కా'ను మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొనెను. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో ఆమె నిత్యము దర్శన మీయగలదు. ఆమె మేలిముసుగు పాలరాయి గదా! అదియే పట్టుదైనచో ఆమెకును విశ్రాంతి తప్పకుండెడిది.

పరదేశములనుండి వస్తువులు తెచ్చి జరుపు ప్రదర్శనములలో ఈ జాగ్రత్త మఱింత హెచ్చు. 2015 ఏప్రిల్ మొదలు జూలైవఱకు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో దక్కను సుల్తానుల కాలపు కళాప్రదర్శనము జరిగినది. గోలకొండ కలంకారీలు, వజ్రములు మొదలుగా సుమారు 200 వస్తువులు అందుంచిరి. వానిలో అనేకము ఎరువు తెచ్చినవి. ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలన్నారు. పెండ్లికి పొరుగింటి నగ తెచ్చుకొన్న యిల్లాలి గుండెదడ మనకు తెలియనిదా? ఇట్టి యెరువులలో, ఎన్ని దినము లుంచవలెనో, ఎంత వెలుతురు తగులవచ్చునో, ఎంత సొమ్మునకు భీమా చేయవలెనో ముందే వ్రాసికొందురు. పెట్టెలో సర్దునపుడు ప్రతి చినుగును, ప్రతి మరకను పట్టీలో నెక్కింతురు. చేరినపిమ్మట పట్టీతో సరిచూతురు. విలువైన వస్తువునకు తోడుగా మనిషిని పంపుదురు. క్రొత్తచోటి గాలికి అలవాటు పడుటకై, వచ్చిన పెట్టెను సాధారణముగా ఒక దినము తెఱువకుండ నుంతురు. గడువు తీరినంతనే వస్తువు యజమానుని చేరును; వస్త్రమైనచో చాలకాలము మరల చీకటిలో నుండును.

ఇది లోభము కాదు. చూచెడి హక్కు మనకెంత కలదో, పుట్టబోవు మనుమరాండ్రకును అంత కలదు. చిత్రశాలలో చీకటిగా తోచినపుడు కొన్ని నిమిషములు నిలువుడు, కన్నులకు అలవాటగును. ఒక వస్తువునకై దూరము పోవువారు, అది ప్రదర్శనములో నున్నదో లేదో ముందుగా విచారించుకొనుడు. ఇంట పాత పట్టుచీర యున్నచో కిటికీ కెదురుగా పెట్టకుడు. మెత్తని నూలుగుడ్డలో చుట్టి, మడతలు అప్పుడప్పుడు మార్చుచుండుడు.

మా అమ్మమ్మగారి కొంగిపుడు పెట్టెలో నున్నది. పండుగనాడు తీసి, వెలిసిన భాగమును మిగిలిన యెఱుపును రెండును పిల్లలకు చూపి, మరల మడిచి పెట్టుచున్నాము. ఆ కావలివానికి మాత్రము మా క్షమాపణ ఇంకను బాకీ యున్నది.