జాబితాలో లేని కులం: టెక్ కంపెనీల ‘రాజకీయాలు వద్దు’ వెనుక రాజకీయం

2022 ఏప్రిల్‌లో, దళిత చరిత్ర మాసం సందర్భంగా, గూగుల్ న్యూస్ ఉద్యోగుల కోసం ఒక ప్రసంగం ఏర్పాటైంది. మాట్లాడాల్సింది ఈక్వాలిటీ ల్యాబ్స్ వ్యవస్థాపకురాలు, దళిత కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్. ఆమెను పిలిచింది ఆ విభాగంలో సీనియర్ మేనేజర్‌గా ఉన్న తనూజా గుప్తా. ప్రసంగం ఇంకా జరగకముందే కొందరు ఉద్యోగులు పైవాళ్లకు మెయిళ్లు పెట్టారు. వక్త హిందూ వ్యతిరేకి అన్నారు. కంపెనీ ప్రసంగాన్ని ఆపేసింది. కుల వివక్షకు తమ దగ్గర చోటు లేదంటూనే, ఈ కార్యక్రమం ఉద్యోగులను కలపకపోగా విడదీస్తోందని కారణం చెప్పింది. జూన్‌లో గుప్తా రాజీనామా చేశారు.

ఆమె అప్పుడే కొత్తగా గొంతు విప్పిన మనిషి కాదు. లైంగిక వేధింపుల ఆరోపణలున్న పెద్ద అధికారులకు కంపెనీ కోట్ల డాలర్లు ముట్టజెప్పి సాగనంపిందని బయటపడినప్పుడు, 2018 నవంబర్ 1న దాదాపు 20 వేల మంది గూగుల్ ఉద్యోగులు పని ఆపి వీధిలోకి వచ్చారు. ఆ వాకౌట్ నిర్వాహకుల్లో గుప్తా ఒకరు. అప్పుడు సీఈవో స్వయంగా ఉద్యోగులకు మద్దతు పలికారు. వివాదాలను కోర్టుకు వెళ్లనివ్వని నిర్బంధ మధ్యవర్తిత్వ నిబంధనను 2019లో కంపెనీ ఎత్తేసింది. తర్వాత నిర్వాహకుల్లో ఇద్దరు తమ మీద కక్ష సాధించారని ఆరోపించారు, కంపెనీ ఖండించింది. ఏదేమైనా ఆ గొడవకు ఒక పేరుంది, ఒక చట్టం ఉంది. లింగ వివక్ష అన్న మాట కంపెనీ నియమావళిలో అప్పటికే ఉంది.

అదే ఉద్యోగిని, అదే కంపెనీ. స్త్రీల గురించి అడిగితే అది ఉద్యోగుల హక్కు. కులం గురించి అడిగితే విభజన. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. టెక్ పరిశ్రమలో కొన్ని జాబితాలుంటాయి. ఏది వివక్షో చెప్పే జాబితా, ఏ లెక్క బయటపెట్టాలో చెప్పే జాబితా, ఏ పక్షపాతాన్ని పరీక్షించాలో చెప్పే జాబితా. వాటిలో ఉన్నది సమస్య. లేనిది ‘రాజకీయం’. కులం చాలాకాలంగా ఈ రెండో గడిలోనే ఉంది.

‘రాజకీయాలు వద్దు’ ఎప్పుడు పుట్టింది?

టెక్ కంపెనీలు మొదటి నుంచీ నోరు మూసుకోమన్నవేమీ కాదు. మనసులో ఉన్నది చెప్పండి, ప్రపంచాన్ని మార్చండి అనే పిలిచాయి. ఉద్యోగులు ఆ మాటను నిజంగా నమ్మి అడగడం మొదలుపెట్టాకే ఇబ్బంది వచ్చింది. డ్రోన్ దృశ్యాలను విశ్లేషించే అమెరికా సైన్యపు ప్రాజెక్ట్ మేవెన్‌లో తమ పనిని వాడొద్దని 2018లో వేలాది గూగుల్ ఉద్యోగులు సంతకాలు చేస్తే, ఆ ఒప్పందాన్ని కంపెనీ పొడిగించలేదు. ఉద్యోగుల మాటకు బలం ఉందని అందరికీ అర్థమైంది. యాజమాన్యాలకూ అర్థమైంది.

2020 సెప్టెంబర్‌లో కాయిన్‌బేస్ అధిపతి, తమది కేవలం లక్ష్యం మీదే దృష్టి పెట్టే కంపెనీ అని, సామాజిక, రాజకీయ చర్చలకు అక్కడ తావులేదని ప్రకటించారు. నచ్చనివాళ్లు పరిహారం తీసుకుని వెళ్లొచ్చన్నారు. సుమారు 60 మంది వెళ్లిపోయారు. 2021 ఏప్రిల్‌లో బేస్‌క్యాంప్ అదే దారి పట్టింది. ఉద్యోగుల్లో మూడో వంతు దాకా బయటికి నడిచారు. 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ప్రభుత్వంతో ఉన్న నింబస్ ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ ధర్నాకు దిగిన ఉద్యోగులను గూగుల్ పదుల సంఖ్యలో తొలగించింది.

కంపెనీ ఎవరికి సాఫ్ట్‌వేర్ అమ్మాలన్నది వ్యాపారం అట. వద్దనడం రాజకీయం అట. వీసా విధానం మీద లాబీయింగ్ చేయడం వ్యాపారం అట. ఆ వీసా మీద బతికే ఉద్యోగి తన మేనేజర్ కులం చూస్తున్నాడని చెబితే రాజకీయం అట. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే అధికారమే ఇక్కడ అసలు రాజకీయం.

వాళ్లు ఎవరు?

సిలికాన్ వ్యాలీలో కులం ఉందా అని అడిగేవాళ్లు ముందు అక్కడికి ఎవరు వెళ్లారో చూడాలి. 2003 నాటి ఒక సర్వేను ఆధారం చేసుకుని, 2016లో వచ్చిన ‘ది అదర్ వన్ పర్సెంట్’ గ్రంథకర్తలు చెప్పిన లెక్క ప్రకారం, అమెరికాలోని భారతీయ వలసదారుల్లో దళితులు, కింది కులాలవాళ్లు కలిపి 1.5 శాతమే. 90 శాతానికి పైగా అగ్రకులాలు, ఆధిపత్య కులాలే. ఇది జల్లెడ పట్టిన సమాజం. ముందు ఇంగ్లీషు మీడియం బడి, తర్వాత కోచింగ్, ఆ తర్వాత కాలేజీ, ఆఖరికి వీసా ఫీజు. ఒక్కో దశలో ఎవరు రాలిపోయారో అందరికీ తెలుసు. చివరికి మిగిలినవాళ్లు తమ మిగులుకు పెట్టుకున్న పేరు మెరిట్.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. అమెరికాలో తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగై ఎందుకు చీలాయో, ఏ సంఘం ఎవరిదని జనం చెప్పుకుంటారో ఎవరినడిగినా చెబుతారు. ఇంటిపేరు అడగడం, ఏ జిల్లా, ఏ ఊరు అని ఆరా తీయడం, ‘మావాడేనా’ అని ఇంకొకరిని వాకబు చేయడం ఆఫీసు క్యాంటీన్‌లోనూ మానలేదు. అన్నిటికన్నా నాజూకైన ప్రశ్న ఎంసెట్ ర్యాంకు. డిగ్రీ చేతికొచ్చి పదేళ్లయినా ఆ ప్రశ్న వస్తుంది. ర్యాంకు, కాలేజీ పేరు పక్కపక్కన పెడితే సీటు ఏ కోటాలో వచ్చిందో లెక్క కట్టేయొచ్చు. కులం పేరు నోటితో పలకనక్కర్లేదు.

సిస్కో కేసు సారాంశం కూడా ఇదే. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర పౌర హక్కుల విభాగం ఆ కంపెనీ మీద, ఇద్దరు ఇంజనీర్ల మీద దావా వేసింది. ఫిర్యాదు ప్రకారం, ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడన్న విషయాన్ని అతని పైఅధికారి తోటివాళ్లకు చెప్పాడు. బాధితుడు హెచ్‌ఆర్‌కు వెళితే, కుల వివక్ష చట్టవిరుద్ధం కాదన్నట్టుగా విచారణ తేలింది. కంపెనీ ఈ ఆరోపణలను ఖండించింది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును ప్రభుత్వ విభాగమే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద కేసును కొనసాగించింది. కాబట్టి ఆ ఇద్దరిని దోషులనడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ దావా మరో పని చేసింది. అది బయటికొచ్చిన కొద్ది వారాల్లోనే ఈక్వాలిటీ ల్యాబ్స్‌కు టెక్ ఉద్యోగుల నుంచి 250కి పైగా ఫిర్యాదులు అందాయి. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్, సిస్కో వంటి కంపెనీల్లో పనిచేసే 30 మంది దళిత మహిళా ఇంజనీర్లు పేర్లు బయటపెట్టకుండా ఒక ప్రకటన ఇచ్చారు.

పేర్లు ఎందుకు దాచుకోవాలి? ఉద్యోగం పోతే హెచ్-1బి మీదున్నవాళ్లకు ఇంకో కొలువు వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులే. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ప్రకటించాక ఆ భయం ఇంకా పెరిగింది. కొత్త ఉద్యోగానికి రిఫరల్ కావాలి. రిఫరల్ ఇవ్వాల్సింది మళ్లీ ఆ మనవాళ్లే. ఇలాంటి చోట నోరు విప్పడం ఎంత ఖరీదైన పనో వేరే చెప్పాలా?

రెండు సర్వేలు, ఒక పొరపాటు వాదన

కులం లేదనేవాళ్లు ఒక అంకె చూపిస్తారు. కార్నెగీ సంస్థ 2020లో సుమారు 1,200 మంది భారతీయ అమెరికన్లతో చేసిన సర్వేలో కుల వివక్ష ఎదుర్కొన్నామన్నవాళ్లు 5 శాతమే. మనవాళ్లు ఇంకో అంకె చూపిస్తారు. ఈక్వాలిటీ ల్యాబ్స్ 2018లో వెలువరించిన సర్వేలో పనిచోట అన్యాయం జరిగిందన్న దళితులు 67 శాతం. ఈ రెండో సర్వే స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లతో చేసింది. దాన్ని మొత్తం జనాభాకు వర్తించే శాతంగా వాడకూడదు. కార్యకర్తలు ఈ జాగ్రత్త పాటించాలి, లేకపోతే మన వాదనే బలహీనపడుతుంది.

మొదటి అంకె సంగతి కూడా చూద్దాం. ఆ సర్వేలో తమ కులం చెప్పిన హిందువుల్లో పది మందికి ఎనిమిది మందికి పైగా జనరల్ లేదా అగ్రకులం అన్నవాళ్లే. కుల వివక్షకు గురయ్యావా అని వాళ్లను అడిగితే వచ్చే జవాబు 5 శాతం. మగవాళ్లే నిండిన గదిలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నారా అని అడిగి, చూశారా ఎంత తక్కువో అన్నట్టుంది ఇది. రెండు సర్వేలూ ఒకదాన్నొకటి కొట్టివేయడం లేదు, వేర్వేరు మనుషులను అడిగాయి అంతే. కంపెనీలు తమ దగ్గరున్న లెక్క చూపిస్తే ఈ తగాదా తీరిపోయేది. ఆ లెక్కే లేదు.

మాట చేరితే ఏం మారుతుంది?

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి 6–1 ఓట్లతో తన వివక్ష వ్యతిరేక చట్టంలో కులాన్ని చేర్చింది. ప్రతిపాదించింది క్షమా సావంత్. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియాలో ఆయిషా వహాబ్ ప్రవేశపెట్టిన ఎస్‌బి 403 బిల్లు చట్టసభలో నెగ్గినా, 2023 అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. ఉన్న చట్టాలే కుల వివక్షను నిషేధిస్తున్నాయి కాబట్టి ఇది అనవసరం అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ చట్టం గవర్నర్‌కు అర్థమైతే సరిపోదు, హెచ్‌ఆర్ గదిలో కూర్చున్న మనిషికి అర్థం కావాలి. ఆ మనిషి చూసేది కాగితం మీదున్న మాటల జాబితానే.

ఆ మాటను చేర్పించింది కంపెనీల దయ కాదు. 2022 జనవరిలో 23 క్యాంపస్‌ల కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ కులాన్ని చేర్చిందంటే దాని వెనుక విద్యార్థుల పోరాటం ఉంది. సిస్కో దావా పడ్డాకే ఐబీఎం తన ప్రపంచవ్యాప్త నియమాల్లో కులాన్ని చేర్చింది. 2021లో ఏర్పడిన ఆల్ఫాబెట్ వర్కర్స్ యూనియన్ గూగుల్‌ను అదే అడిగింది. లేఆఫ్‌లు తరుముకొస్తున్న ఈ కాలంలో కులం ఎత్తితే కార్మికుల ఐక్యత దెబ్బతింటుందనే మిత్రులు ఈ విషయం గమనించాలి. ఒకడి గాయం గురించి మాట్లాడకూడదన్న షరతు మీద నిలబడే ఐక్యత ఆ ఒకడిది కాదు.

యంత్రాలకూ ఇదే గతి. భాషా మోడళ్లలో పక్షపాతాన్ని కొలవడానికి బాగా వాడే బీబీక్యూ అనే పరీక్షలో జాతి, మతం, లింగం, వయసు, వైకల్యం సహా తొమ్మిది అంశాలున్నాయి. కులం లేదు. 2025 అక్టోబర్‌లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక కులం గురించి విడిగా పరీక్షించినప్పుడు, చాట్‌జీపీటీ వెనకున్న మోడల్ ఎక్కువ వాక్యాల్లో దళితులను కించపరిచే మూస జవాబునే ఎంచుకుంది. రేపు ఉద్యోగ దరఖాస్తులు వడపోసేవి ఇలాంటి మోడళ్లే.

హైదరాబాద్ సంగతేమిటి?

అమెరికాను విమర్శించడం తేలిక. మన చట్టాల జాబితా చూద్దాం. ప్రైవేటు ఉద్యోగంలో వివక్ష చూపొద్దని వికలాంగుల కోసం 2016లో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం 2017లో, ట్రాన్స్‌జెండర్ల కోసం 2019లో చట్టాలొచ్చాయి. అవన్నీ అవసరమైనవే. ప్రైవేటు కంపెనీలో దళిత, ఆదివాసీ ఉద్యోగి కోసం అలాంటి పౌర చట్టం ఇప్పటికీ లేదు. ఆర్టికల్ 16 ప్రభుత్వ ఉద్యోగాల వరకే. 1989 నాటి అట్రాసిటీ చట్టం క్రిమినల్ చట్టం. కులం పేరుతో అవమానిస్తే అది నలుగురి ముందు జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక రేటింగ్ తగ్గించడం, మంచి ప్రాజెక్టు ఇవ్వకపోవడం, ఆన్‌సైట్‌కు పంపకపోవడం లాంటివి ఆ చట్టం కింద రుజువు చేయడం దాదాపు అసాధ్యం.

లెక్కల జాబితా కూడా అంతే. మార్కెట్ విలువలో పైన ఉన్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు సెబీ నిబంధన ప్రకారం ఏటా ఇచ్చే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో మహిళలెందరో, వికలాంగులెందరో చెప్పాలి. ఎస్సీ, ఎస్టీలెందరో చెప్పనక్కర్లేదు. కొన్ని కంపెనీల ప్రవర్తనా నియమావళిలో కులం అన్న మాట ఉంది, లెక్క మాత్రం లేదు. 2007లో వెలువడిన అధ్యయనం కోసం సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 548 ఉద్యోగ ప్రకటనలకు చాలావరకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో 4,808 దరఖాస్తులు పంపి చూశారు. దళిత పేరున్నవాళ్లకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరున్నవాళ్లకంటే దాదాపు మూడో వంతు తక్కువని తేలింది. ఈ పరీక్షను మళ్లీ మళ్లీ చేసి చూపించాల్సిన ప్రభుత్వాలు ఆ ఊసే ఎత్తవు.

2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మన పిల్లలు వేలల్లో ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కారు. వాళ్లలో ఎందరు హైటెక్ సిటీ గేటు దాటారు, దాటినవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారు? తెలంగాణ కులసర్వే రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని 2025లో తేల్చింది. ఆ రెండు అంకెల పక్కన పెట్టి చూడటానికి మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల అంకె ఒక్కటీ లేదు.

అందుకే అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వివరాలు హోదాలవారీగా చేర్చాలి. ప్రైవేటు ఉద్యోగాల్లో కుల వివక్షపై పౌర చట్టం రావాలి. ప్రభుత్వ భూమి, రాయితీలు తీసుకున్న ఐటీ కంపెనీలకు ఈ వివరాలివ్వడాన్ని రెండు రాష్ట్రాలూ షరతుగా పెట్టాలి. ఇంటర్వ్యూలో, అప్రైజల్‌లో ఎంసెట్ ర్యాంకు, ఇంటిపేరు, కుటుంబ నేపథ్యం అడగడాన్ని వివక్షగా రాసుకోవాలి. ఐటీ ఉద్యోగుల యూనియన్లు వీటిని తమ డిమాండ్ల పత్రంలో మొదటి పేజీలో పెట్టాలి.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు కంపెనీలు వచ్చే కాలేజీల్లో విద్యార్థి సంఘాలు ఇప్పుడే చేయగల పని ఒకటుంది. కంపెనీ తన గొప్పలు చెప్పుకున్నాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. మీ వివక్ష వ్యతిరేక విధానంలో కులం ఉందా, ఉంటే ఇప్పటిదాకా ఎన్ని ఫిర్యాదులు తీసుకున్నారు అని అడగండి. అడిగినందుకు ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కరికి ఉంటుంది కాబట్టి, సంఘం తరఫున రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును, రాని జవాబును కూడా నోటీసు బోర్డు మీద పెట్టండి.